తొమ్మిదో వార్డు తొట్టికి తోడు

సోమవారం

తొట్టి తాళంచెవి ఎవరి దగ్గర ఉంటే వాళ్లు రోజూ ఇంత రాసి పెట్టాలని జిల్లా నియమం. ఈ ఏడాది చిట్టీల్లో తొమ్మిదో వార్డుకు రెండు పేర్లు వచ్చాయి. ఒకటి నాది. నా పేరు గట్టయ్య. ఊళ్లో గొర్లు కాసేవాణ్ణి, పట్నం వచ్చాక గోడలకు సున్నం వేస్తున్నాను. రెండోది నఫీజా. బట్టలు కుడుతుంది. చిట్టీ వచ్చినవాళ్లే ఏడాదిపాటు వార్డు ప్రభుత్వం. కాదనడానికి లేదు. చిట్టీ తీసిన యంత్రాన్ని చూసి నఫీజా, "మా ఇంట్ల పెండ్లి బట్టలు కుప్ప పడి ఉన్నయి. నీకు నా పేరే దొరికిందా?" అని అడిగింది. యంత్రం ఏమీ అనలేదు.

మా ప్రభుత్వానికి ఉన్న పని తొట్టి ఒక్కటే. వార్డులోని మరుగుదొడ్ల నుంచి వచ్చేదంతా వీధి కింద గొట్టాల్లో నడిచి ఇందులో పడుతుంది. లోపల పలకలు నిలబెట్టి ఉంటాయి. వాటి మీద నల్లగా, జిగటగా ఒక జీవం పెరుగుతుంది. వచ్చినదంతా తిని, ఒక పక్క నుంచి తోటలకు పనికొచ్చే నీళ్లు, పైనుంచి ఉమ్మడి వంటశాలకు గ్యాసు ఇస్తుంది. జిల్లా కాగితాల్లో దానికి ఒక పంక్తి పొడుగు పేరు ఉంది. మేము నల్లతోడు అంటాం. గరిటెడు వేస్తే పాలు తోడుకున్నట్టు పలకలంతా పాకుతుంది కాబట్టి.

మా నాయన కాలంలో పట్నం మొత్తానిదీ ఒకే పెద్ద గొట్టంలో పోయేదట. అది పగిలాక బాగు చేసేవాళ్లు దొరకలేదు. అప్పటి నుంచి ఎవరి వార్డుది వాళ్లే చూసుకోవాలి. చూసుకోలేకపోతే జిల్లా చూసుకుంటుంది. జిల్లా చూసుకోవడం అంటే ఏమిటో నాలుగో వార్డును చూస్తే తెలుస్తుంది. తాళంచెవి పట్టుకుపోయి, ఇళ్లలో మరుగుదొడ్లకు సీలు వేశారు. ఇప్పుడు ఆ వార్డంతా బస్టాండు దగ్గర టోకెన్ కొని వాడే మరుగుదొడ్డి గదులకు నడుస్తుంది. ఆ గదుల్లో సమయం అయిపోగానే తలుపు దానంతట అదే తెరుచుకుంటుంది. లోపలి మనిషి లేచిందా లేదా అని చూడదు.

మాకు ఈ ఆదివారం పరీక్ష. బయటికి వచ్చే నీళ్లు తేటగా ఉండాలి. లేకపోతే మా తాళంచెవి కూడా పోతుంది.

పొద్దున తొట్టి మీది పెట్టె పలికింది. దాన్ని జిల్లా వాళ్లు బిగించారు. వాళ్ల భాషే మాట్లాడుతుంది. "వార్డు కార్యదర్శులకు విజ్ఞప్తి. జీవపదార్థము బలహీనముగా నున్నది."

తొట్టి పక్కింట్లో పోశవ్వ ఉంటుంది. మోకాళ్లు పట్టుకుని గడప దాకా వచ్చింది.

"ఏమంటుంది కొడుకా అది? ఎవలకు బాగలేదు?"

"తొట్టికి బాగలేదు పోశవ్వా."

"అయ్యో. ఎన్నడు సంది?"

ఎండలు ముదిరినప్పుడు ఇది మామూలేనని, రెండు మూడు రోజుల్లో తనే కోలుకుంటుందని పోయినేడు తాళంచెవి ఉన్నవాళ్లు చెప్పారు. అదే పోశవ్వకు చెప్పాను. ఆమె తల ఊపి లోపలికి వెళ్లింది. పోశవ్వ బిడ్డను నాలుగో వార్డులో ఇచ్చారు. పోయిన చలికాలం ఆమె బిడ్డ ఇంటికి వెళ్లినప్పుడు, బస్టాండు గదిలో మోకాళ్లు లేవకముందే తలుపు తెరుచుకుంది. ఆ తర్వాత ఆమె బిడ్డ ఇంటికి పోలేదు. దాని గురించి మాట్లాడదు కూడా.

మంగళవారం

పెట్టె ఈ రోజు "మిక్కిలి బలహీనము" అన్నది.

ఎవరో ఫినాయిలో, యాసిడో పోస్తున్నారని నఫీజా అనుమానం. రెండూ నిషేధం. బయట తిరగొద్దని ఎండ సైరన్ మోగేలోపు ఇల్లిల్లూ తిరగాలని బయల్దేరాం. మొదట బక్కయ్య చాయ్ హోటల్.

"ఫినాయిలు ఉన్నదా బక్కన్నా?"

"రామరామ. మేం ఎందుకు పెడతం?"

నఫీజా పొయ్యి వెనక గుడ్డ ఎత్తింది. నీలం సీసా.

"మరి ఇదేంది?"

"అది మా అత్త తెచ్చింది."

"మీ అత్త ఏది?"

"పోయి శాన ఏండ్లాయె."

"మరి మూత తీసి ఉన్నదేంది?"

బక్కయ్య సీసాకు మూత బిగించాడు. "ఆమె యాదికొచ్చినప్పుడు జర వాసన చూస్తం" అన్నాడు.

సీసా తీసుకున్నాం. తతిమ్మా ఇళ్లలో ఏమీ దొరకలేదు. జనం మర్యాదగా ఉన్నారు. మజ్జిగ ఇచ్చారు. ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్లు "తొట్టికి ఎట్లున్నది అన్నా?" అని మనిషిని అడిగినట్టు అడిగారు. గడపలు పసుపుతో మెరుస్తున్నాయి, గుమ్మాలకు వేపకొమ్మలు కట్టారు. ఎండాకాలం కదా అనుకున్నాను. వార్డుకు తొట్టి మీద ఇంత ప్రేమ ఉందని నాకు ఇంతవరకు తెలియదు. సంతోషం వేసింది.

బుధవారం

సాయం కావాలని జిల్లాకు కబురు పెట్టాం. వాళ్లు శిక్షణ పంపారు.

వచ్చిన అబ్బాయి పేరు ప్రణవ్. మంచివాడు. గాలిలో వెలుగు తెర పరిచాడు. దాని మీద "స్థానిక సంస్థల సామర్థ్య పెంపు" అని మెరిసింది. మమ్మల్ని గుండ్రంగా కూర్చోమన్నాడు. ఉన్నది ఇద్దరమే కాబట్టి ఎట్లా కూర్చున్నా గుండ్రం రాలేదు. రంగు కాగితాలిచ్చి మా బలాలు రాయమన్నాడు. నఫీజా "కుట్టుడు" అని రాసింది. నాకు ఏమీ తోచక "సున్నం" అని రాశాను. అతనికి రెండూ నచ్చాయి. తెర మీద అతికించాడు.

"సారూ, తోడు సచ్చేటట్టుంటే ఏం చెయ్యాలె?" అని నఫీజా అడిగింది.

"మంచి ప్రశ్న. అది రెండో విడత శిక్షణలో వస్తుందమ్మా."

"రెండో విడత ఎప్పుడు?"

"మొదటి పరీక్షలో నెగ్గిన వార్డులకు ఉంటుంది."

అప్పుడే తొట్టి మీది పెట్టె, "అత్యంత బలహీనము. అత్యంత బలహీనము" అని అరిచింది. పాఠానికి అడ్డం వస్తోందని, దాని గొంతు తగ్గించవచ్చా అని ప్రణవ్ అడిగాడు. తగ్గించాను. చివర మాకు బిస్కెట్లు, ఒక ధ్రువపత్రం ఇచ్చాడు. సామర్థ్యం పెరిగినట్టు అందులో ఉంది.

"నీకేమన్న పెరిగినట్టు అనిపిస్తుందా గట్టన్నా?" అని దారిలో నఫీజా అడిగింది.

"ఆకలి."

బిస్కెట్లు ఆమె పిల్లలకు ఇచ్చేశాను.

గురువారం

తొట్టి వాసన వీధిలోకి వచ్చింది. వంటశాలలో పొయ్యి సన్నగిల్లింది. బయటికి వచ్చే నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా ఉన్నాయి.

ముక్కుకు గుడ్డ కట్టుకుని కొక్కెంతో ఒక పలక బయటికి లాగాను. నల్లగా ఉండాల్సింది. పచ్చగా ఉంది.

నఫీజా వంగి చూసింది. "ఇదేందన్నా, పెండ్లి పిల్ల లెక్క ఉన్నది?"

నిజంగానే పసుపు పూసినట్టు ఉంది. వాసన చూస్తే చేదు. గొర్రెకు పుండు పడితే మేము రాసే మందు వాసన. పోశవ్వ ఇంటి ముందు గొట్టం మూత ఎత్తాం. కింద పచ్చటి నీళ్లు పోతున్నాయి. పక్కింటి మూత ఎత్తాం. అక్కడా అంతే.

పోశవ్వ అరుగు మీద రోలు ముందేసుకుని వేపాకు నూరుతోంది. దాచే ప్రయత్నం ఏమీ చెయ్యలేదు.

"ఏం పోస్తున్నవు పోశవ్వా లెట్రిన్ల?"

"మందు."

"ఏం మందు?"

"వేపాకు, పసుపు. బాగలేదంటివి గద. ఇంట్ల పిల్లగానికి బాగలేకుంటే ఏం చేస్తం? అదే. అందరికి చెప్పిన. ఒక్క ఇల్లు తప్పకుంట పొద్దుమాపు చెంబెడు పోస్తున్నరు." గర్వంగా చెప్పింది.

"మొన్న ఇల్లిల్లు తిరిగినం. ఒక్కలన్న చెప్పలేదేంది?"

"నువ్వు ఫినాయిలు అడిగితివి. ఫినాయిలు ఎవలు పోసిండ్రు?"

నఫీజా నెత్తి పట్టుకుని అరుగు మీద కూర్చుంది. నేను చెప్పాను. పుండులో పురుగును చంపుతుంది కాబట్టే వేప మందయింది. తొట్టిలో పని చేస్తున్నది పురుగే. కంటికి కనపడని పురుగు. దానికి మనం వార్డంతా కలిసి, రోజుకు రెండు పూటలా మందు పెట్టాం.

పోశవ్వ చేతిలో పొత్రం ఆగిపోయింది.

"ఇగ తాళంచెవి పోతదా?"

"ఆదివారం దాక ఉంది."

"అందరు బస్టాండుకు పోవుడేనా?"

ఆమె గోడ పట్టుకుని లేచింది. నూరిన ముద్ద కుక్కకు కూడా అందకుండా బూడిదలో కలిపింది. కాసేపటికి వీధి చివర నుంచి ఆమె గొంతు వినపడింది. "పోయకుండ్రి! ఓ లచ్చవ్వా, ఇంక పోయకుండ్రి! ఆ చెంబు ఇటు తే!" ఆ మోకాళ్లతో అంత దూరం ఎట్లా వెళ్లిందో తెలియదు.

శుక్రవారం

పలకలన్నీ లాగి చూశాం. ఒక మూల గోరంత నలుపు మిగిలింది. దాంతో ఏమీ కాదు.

జిల్లా డిపోలో కొత్త తోడు ఇస్తారు. కానీ డిపోను అడిగిన వార్డు ఓడినట్టే లెక్క. చెవి ఇచ్చేసి తోడు తెచ్చుకోవాలి. చెవి లేనివాళ్లకు తోడు ఎందుకో నియమంలో లేదు.

"ఇంట్ల పెరుగు అయిపోతే డిపోకు పోతమా?" అంది నఫీజా. "పక్కింటికి పోతం. పా."

ఆమె ఇంట్లో ఉన్న పెద్ద స్టీలు గిన్నె తీసుకుని ఏడో వార్డుకు వెళ్లాం. అక్కడ ఈ ఏడాది చెవి సత్తెక్క దగ్గర ఉంది. కోళ్లు పెంచుతుంది. తొట్టి గోడ మీద కూర్చుని గింజలు చల్లుతోంది. మా కథ విని చాలాసేపు నవ్వింది. కళ్లు తుడుచుకుంది. మళ్లీ నవ్వింది.

"తానం చేపిచ్చి పసుపు పూసిండ్రా? బొట్టు గూడ పెట్టకపోయిండ్రా?"

"అక్కా, నువ్వు నవ్వు. నవ్వుకుంటనే ఇంత తోడియ్యి" అంది నఫీజా గిన్నె చాపి.

సత్తెక్క నవ్వు ఆగింది. "ఇయ్యాల శుక్రారం గద చెల్లె."

నాకు ఆ సంగతే తట్టలేదు. శుక్రవారం పూట ఇంట్లో నుంచి పాలు, పెరుగు, తోడు బయటికి ఇవ్వరు. లక్ష్మి పోతుందంటారు. నఫీజా ఇంట్లో ఆ పట్టింపు లేదు. అయినా ఈ వీధుల్లోనే పెరిగింది కాబట్టి వాదించలేదు. గిన్నె కిందికి దించింది.

"రేపు పొద్దున వస్తే కళ్లకద్దుకుని ఇస్త" అంది సత్తెక్క.

"రేపు తెస్తే ఎల్లుండికి తోడుకోదు అక్కా" అన్నాను.

సత్తెక్క కోళ్లను చూసింది, తొట్టిని చూసింది. వాళ్ల వార్డు వాళ్లు ఇద్దరు ముగ్గురు కిటికీల్లో నుంచి చూస్తున్నారు. ఏదైనా జరిగితే శుక్రవారం ఇచ్చినందుకే అంటారు. అది ఆమెకు తెలుసు.

"ఊకెనే ఇయ్యరాదు. బదులుకైతే ఇయ్యొచ్చు. ఒక పలక తే, ఒక పలక తీస్కపో."

నఫీజా పరుగెత్తింది. మా పచ్చ పలక మోసుకొచ్చింది. సత్తెక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కోళ్ల గూటికి తలుపు లేదు. దీన్ని అడ్డం పెడత" అని తీసుకుంది. తొట్టిలో నుంచి నిగనిగలాడే నల్ల పలక ఒకటి తీసి ఇచ్చింది.

"మీది నలుపు ముక్కలు చేసి అన్ని పలకలకు రాయండ్రి. రాసినంక ఒక పగలు, ఒక రాత్రి తొట్టిల ఏం పడొద్దు. చెంబెడు నీళ్లు గూడ పడొద్దు. పాలు తోడేసి గిన్నె కదుపుతరా?"

పక్క వార్డు నుంచి తోడు కొనరాదని నియమం ఉంది. మేము కొనలేదు. ఇది జిల్లా వాళ్లు చదివినా నాకు అభ్యంతరం లేదు.

సాయంత్రం పలకలన్నీ కడిగి తోడు రాశాం; తెల్లారగానే తొట్టిలోకి దించాలి. సున్నం వేసే కుంచె బాగా పనికొచ్చింది.

శనివారం

వార్డంతా మరుగుదొడ్లు బంద్. పొద్దున్నే నఫీజా మైకులో చెప్పింది. "తొట్టికి తోడేసినం. ఎవలు లెట్రిన్ వాడొద్దు. అందరు బస్టాండుకు పోవాలె. వాడినట్టు తెలిస్తే వాళ్ల పెండ్లికి నేను బట్టలు కుట్ట."

బస్టాండుకు పోకుండా ఉండడానికి వార్డంతా లేచి బస్టాండుకు పోయింది. మమ్మల్ని చూసి నాలుగో వార్డు వాళ్లు లైను జరిపి చోటిచ్చారు.

"మీది గూడ పోయిందా?" అని ఒకామె అడిగింది.

"ఇంక పోలే. పోకుండ చూస్తున్నం."

"మేం గూడ గిట్లనే చూసినం" అందామె. తర్వాత తోడు సంగతి విడమరిచి అడిగింది. పలక బదులిచ్చి తెచ్చుకోవచ్చని వాళ్లకు ఎవరూ చెప్పలేదట. మాకూ ఎవరూ చెప్పలేదు.

నా వంతు వచ్చింది. గది చిన్నది, శుభ్రంగానే ఉంది. గోడ మీద అంకెలు తగ్గుతుంటాయి. వాటిని చూస్తుంటే వచ్చే పని కూడా రాదు. నేను లుంగీ సర్దుకునేలోపే తలుపు తెరుచుకుంది. ఎదురుగా లైనంతా ఉంది. కానీ ఒక్కరూ నా వైపు లేరు. అందరూ వీపులు తిప్పి రోడ్డును చూస్తున్నారు. పక్క గది తలుపు తెరుచుకుంటే అటు వాళ్లూ అంతే.

"మేం చూడం అన్నా" అన్నాడు ముందున్న మనిషి, అటే చూస్తూ. "సర్దుకుని రా. రోజు ఇంతే."

పోశవ్వ రాలేదు. బండి మీద తీసుకుపోతానంటే వద్దంది. ఈ రోజు ఉపవాసం అని చెప్పింది.

"ఏ దేవునికి?" అని నఫీజా అడిగింది.

"ఏదో ఒక దేవునికి."

"ఈ ఎండల నీళ్లు తాగకుంటే సస్తవు ముసల్దానా."

"నువ్వు మైకుల చెప్పింది నేను ఇంటున్న. నేను చెప్పింది నువ్విను."

ఇద్దరూ కాసేపు పోట్లాడారు. చివరికి నఫీజా తడి గుడ్డ నెత్తిన వేసి, ముందు కూర్చుని గ్లాసెడు మజ్జిగ తాగించింది. ఎండ సైరన్ మోగినా అక్కడే కూర్చుని బట్టలు కుట్టింది.

ఆదివారం

తెల్లారేసరికి పలకలన్నీ నల్లబడ్డాయి. పెట్టె గొంతు మళ్లీ పెంచాను. ఏమీ అనలేదు. అనకపోవడమే మంచిదనుకున్నాం.

జిల్లా నుంచి వైదేహి మేడం వచ్చింది. వార్డంతా తొట్టి చుట్టూ నిలబడింది. మేడం గాజు గ్లాసులో నీళ్లు పట్టి సూర్యుడికి ఎత్తి చూసింది. తేటగా ఉన్నాయి. నఫీజా నా చెయ్యి గిల్లింది. తర్వాత మేడం పెట్టె తెరిచి లోపల గీతలు చూసింది. కనుబొమలు ముడిచింది.

"నిన్నంతా ఒక్కరూ వాడలేదా?"

"లేదు మేడం."

"ఎందుకు?"

"తోడు కదలొద్దని."

"అట్లా ఆపాలని ఏ శిక్షణలో చెప్పారు?"

"ఏడో వార్డుల" అంది నఫీజా.

మేడం అది రాసుకోలేదు. "వాడని తొట్టిలో నీళ్లు తేటగానే ఉంటాయి. అది లెక్కలోకి రాదు. నడిచే తొట్టిని చూసి చెప్పాలి. ఎవరైనా వాడండి."

ఎవరూ కదల్లేదు. పొద్దున్నుంచి అందరూ బిగబట్టుకునే ఉన్నారు, కానీ చెవి తమ వల్ల పోయిందని ఎవరు అనిపించుకుంటారు? బక్కయ్య ఆకాశం చూశాడు.

"జరుగుండ్రి" అని వెనక నుంచి వినపడింది. పోశవ్వ కట్టె పట్టుకుని వస్తోంది. "నేను పోత. పాడు చేసింది నేనే. పోతే నాతోనే పోనీ."

తొట్టి పక్కన ఉమ్మడి మరుగుదొడ్డి ఉంది. లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంది. మేము నిలబడ్డాం. మేడం వాచీ చూసింది. ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చింది. "ఆమె వయసెంత? ఇంత సేపు ఎందుకు?" అని నన్ను మెల్లగా అడిగింది.

"ఎవలయ్యా ఆ ముచ్చట్లు?" అని లోపల నుంచి కేక. "నిన్నటి సంది ఆపుకున్న. జర దూరం పోయి మాట్లాడుకోండ్రి!"

మేడం నీడ వదిలి ఎండలోకి నడిచింది. మేమందరం ఆమె వెనక నడిచాం.

చాలాసేపటికి లోపల నీళ్లు పడిన చప్పుడైంది. గొట్టం గుడగుడమంది. తొట్టిలో బుడగలు లేచాయి. బయటి ధార ఒక్క క్షణం సన్నబడి మళ్లీ నిండుగా వచ్చింది. పోశవ్వ గడియ తీసి బయటికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. ఎవరినీ చూడలేదు. మేడం గ్లాసు పట్టింది. తేటగానే ఉన్నాయి.

"ఫలితము తృప్తికరము" అంది పెట్టె. "తాళంచెవి వార్డు వద్దనే ఉండవచ్చును."

చప్పట్లు ఎవరూ కొట్టలేదు. నఫీజా చెప్పులు వదిలేసి ఇంటి వైపు పరుగెత్తింది. ఆమె వెనక లచ్చవ్వ, బక్కయ్య, పిల్లలు, అందరూ. రెప్పపాటులో వీధి ఖాళీ అయింది. అన్ని ఇళ్లలో తలుపులు ధడధడా మూసుకున్నాయి.

మేడం సంచిలో నుంచి జిల్లా అభినందన తీసి విప్పింది. వార్డు ప్రజల ముందు చదవాలట. ప్రజలు లేరు కాబట్టి నా ముందు చదివింది. మంచి మాటలే ఉన్నాయి. కాగితం తిప్పబోయింది.

"రెండో పేజీ గూడ ఉన్నదా మేడం?"

"ఉంది."

తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, ఇప్పుడే వస్తానని పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి మేడం, పోశవ్వ అరుగు మీద పక్కపక్కనే కూర్చుని మజ్జిగ తాగుతున్నారు. చెవి మేడం ఒళ్లో ఉంది. అడిగి తీసుకున్నాను.